అక్షరం దగ్గర ఆగిన పిల్లలు: అభ్యసన వైకల్యం గుర్తింపు చరిత్ర

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ జిల్లాలలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. ఆ ఆదేశానికి బదులుగా వచ్చిన నివేదికలలో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో రాసినది చరిత్రకారులు తరచుగా చూసేది. క్యాంబెల్ తెలుగు నేర్చినవాడు, 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నట్టు ఆయన లెక్క తేల్చాడు. 226 బడులలో తెలుగు, 235 బడులలో కన్నడం చెప్పేవారు.

ఈ అంకెలు మీరు విద్యాచరిత్ర పుస్తకాలలో చూసే ఉంటారు. ఇక్కడ మనకు కావలసినది బడి లోపల ఏం జరిగేదో ఆయన రాసిన భాగం. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. దిద్దుతూ నేర్చుకోవడమే తప్ప, యూరప్ బడులలో లాగా ముందు వర్ణమాల వల్లించడం కాదని ఆయన ప్రత్యేకంగా గమనించాడు. పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరుసగా. చదువులో వెనకబడిన సోమరికి బెత్తం దెబ్బలు, లేదా చేతులు రెండూ కట్టి దూలానికి వేలాడదీయడం, లేదా ఆపకుండా కూర్చుని లేవడం. ఈ శిక్షలకు మన పెద్దవాళ్ళ నోట కోదండం, గుంజీలు అన్న పేర్లు ఉన్నాయి.

క్యాంబెల్ వాడిన మాట ‘సోమరి’. దూలానికి వేలాడిన పిల్లలలో నిజంగా సోమరులు ఎందరు, ఎంత దిద్దినా అక్షరం నిలవనివారు ఎందరు? నివేదికలో జవాబు లేదు. ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నే అప్పటికి పుట్టలేదు. తెలివి ఉండి, కళ్ళూ చెవులూ బాగుండి, చెప్పేవాళ్ళు ఉండి కూడా చదవడం రాని పిల్లవాడు ఉంటాడన్న ఆలోచన ఎప్పుడు పుట్టింది? అది మన బడికి చేరేసరికి ఎంత ఆలస్యమైంది? ఆ ఆలస్యం ఇప్పటికీ ఒకటో తరగతిలో ఎలా మిగిలి ఉంది? ఈ పాఠంలో చూసేది వీటినే.

బడి అందరిదీ అయినప్పుడు

క్యాంబెల్ లెక్క ప్రకారం వెయ్యిమంది జనాభాకు బడిలో ఉన్నవారు ఏడుగురైనా లేరు. అటువంటి సమాజంలో చదవలేకపోవడం ఎవరికీ లోపంగా కనిపించదు. అక్షరాలు పట్టుబడని పిల్లవాడు పొలానికో మగ్గానికో పోయేవాడు, అక్కడ పనిమంతుడే అనిపించుకునేవాడు. చదవలేకపోవడం వైకల్యంగా కనిపించాలంటే ముందు చదవడం అందరి మీదా పడిన బాధ్యత కావాలి.

ఇంగ్లండులో అది 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో జరిగింది. 1870 చట్టంతో ప్రాథమిక బడులు దేశమంతటా విస్తరించాయి, 1880లో హాజరు తప్పనిసరి అయింది. అంతకుముందే 1862లో ఇంకో మార్పు వచ్చింది. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి ఒక్కొక్క పిల్లవాణ్ణి చదవడం, రాయడం, లెక్కలలో పరీక్షిస్తాడు. తప్పినవాడి పేరిట బడికి రావలసిన గ్రాంటు కోతపడుతుంది. ఈ పద్ధతి ‘రిజల్ట్ గ్రాంట్లు’ పేరుతో మద్రాసు ప్రెసిడెన్సీలోకీ వచ్చింది, మన వీధిబడులు, అరుగుబడులు కొన్ని ఆ గ్రాంటు కోసమే ప్రభుత్వ వాచకాలు పట్టాయి. దీనితో వెనకబడిన పిల్లవాడు పంతులుగారి ఆదాయానికి గండి అయ్యాడు. విద్యాచరిత్రలో ఈ అంశం మీద తగినంత పని జరగలేదని నా అభిప్రాయం. కోపం పెరగడానికి కారణం ఎప్పుడూ కోపిష్ఠి పంతులే కానక్కరలేదు, ఒక్కోసారి గ్రాంటు నిబంధన కూడా.

వైద్యుల చేతిలో

బడి అడగని ప్రశ్నను మొదట అడిగింది వైద్యులు. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్మాల్ 1877లో ‘పదాంధత్వం’ అనే అర్థం వచ్చే మాట వాడాడు. మెదడుకు దెబ్బ తగిలి, చూపు ఉండీ అక్షరం చదవలేకపోయిన పెద్దవాళ్ళ గురించి ఆయన రాశాడు. ‘డిస్లెక్సియా’ అన్న పేరు స్టుట్‌గార్ట్ కంటివైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్‌ది, దానిమీద ఆయన గ్రంథం 1887లో వచ్చింది. ఇంతవరకు సంగతి పెద్దవాళ్ళదే.

1896 నవంబరులో ఇంగ్లండులోని ససెక్స్‌కు చెందిన డాక్టర్ ప్రింగిల్ మోర్గాన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం రాశాడు. పెర్సీ అనే పద్నాలుగేళ్ళ అబ్బాయి కథ అది. చురుకైనవాడు, ఆటల్లో ముందుండేవాడు. ఏడేళ్ళుగా ఇంటిదగ్గరా బడిలోనూ చదువు చెబుతున్నా చిన్న చిన్న పదాలే కూడబలుక్కునేవాడు. సొంత పేరు రాసినా అక్షరాలు తారుమారయ్యేవి. అంకెలతో మాత్రం ఇబ్బంది లేదు, లెక్కలు చకచకా చేసేవాడు. చదువంతా నోటిమాటగా చెప్పేదైతే బడి మొత్తంలో వీడే తెలివైనవాడు అవుతాడని అతని ఉపాధ్యాయుడు అన్నట్టు మోర్గాన్ రాశాడు. పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉన్న పిల్లవాడి గురించి వైద్య పత్రికలో వచ్చిన తొలి స్పష్టమైన వర్ణన ఇదే. మోర్గాన్ పేరే మనం గుర్తుపెట్టుకుంటున్నాం గాని, రోగ నిర్ధారణకు దగ్గరగా వచ్చినవాడు ఆ ఉపాధ్యాయుడు. అతను పిల్లవాణ్ణి సోమరి అనలేదు.

గ్లాస్గో కంటివైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ ఇటువంటి కేసులు సేకరించి 1917లో పుస్తకం వేశాడు. ఇది కుటుంబాలలో నడుస్తుందని గమనించాడు. అలాంటి పిల్లలను విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పాలని సలహా ఇచ్చాడు.

ఈలోగా ఫ్రాన్సులో మరో దారి పడింది. నిర్బంధ విద్య అక్కడ కూడా వచ్చాక, మామూలు తరగతిలో సాగని పిల్లలను ఎలా గుర్తించాలన్న సమస్యపై ప్రభుత్వం 1904లో సంఘం వేసింది. అందులోంచి 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సైమన్‌ల తెలివితేటల పరీక్ష పుట్టింది. బినే ఉద్దేశం సహాయం అవసరమైనవారిని వెతకడం. తరువాత దశాబ్దాలలో అదే కొలబద్ద పిల్లలను విడదీయడానికి వాడారు. దానివల్ల అభ్యసన వైకల్యానికి ఒక నిర్వచనం దొరికింది: తెలివి మామూలుగానో ఎక్కువగానో ఉండి, చదువు మాత్రం దానికి బాగా దిగువన ఉండటం. ఈ నిర్వచనంలో ఒక చిక్కు ఉంది. తెలివికీ చదువుకీ మధ్య ఎడం కొలవగలిగినంత పెరగాలంటే పిల్లవాడు ముందు రెండు మూడేళ్ళు తప్పాలి. అంతదాకా ఆగమనడమే దీని ఫలితం. అమెరికా తన చట్టాన్ని 2004లో సవరించి, ఆ ఎడం చూపడం తప్పనిసరి కాదన్నది. తగిన బోధన అందించి పిల్లవాడు ఎలా అందుకుంటున్నాడో చూసి నిర్ణయించవచ్చని చెప్పింది. దాదాపు వందేళ్ళు పట్టిన దిద్దుబాటు ఇది.

మళ్ళీ వేలితో

అమెరికా వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ 1925లో అయోవా బడిపిల్లలపై రాసిన వ్యాసంతో విషయం ఆసుపత్రి నుంచి తరగతి గదికి వచ్చింది. ఆయనతో పనిచేసిన ఆనా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్మన్ అనే ఇద్దరు ఉపాధ్యాయినులు 1930లలో బోధన పద్ధతి ఒకటి తయారుచేశారు. అక్షరాన్ని చూడటం, దాని ధ్వనిని వినడం, పలకడం, చేత్తో రాయడం నాలుగూ ఒకేసారి జరగాలి. ఒకటి నిలిచాకే రెండోదానికి పోవాలి. కాలిఫోర్నియాలో గ్రేస్ ఫెర్నాల్డ్ మరో పద్ధతి పెట్టింది. పెద్దగా రాసిన పదాన్ని పిల్లవాడు వేలితో తడుముతూ పైకి పలకాలి. ఆమె పుస్తకం 1943లో వచ్చింది.

వేలితో దిద్దుతూ పైకి పలకడం అనగానే మీకు బళ్ళారి ఇసుక గుర్తొచ్చి ఉంటుంది. నాకూ గుర్తొచ్చింది. అయితే మన పూర్వులకు ఇదంతా ముందే తెలుసని అనడం చరిత్రకారుడికి తగదు. వీధిబడిలో ఇసుక ఉన్నది కాగితం లేకపోవడం వల్ల. ఆ పద్ధతి చాలామంది పిల్లలకు మేలు చేసి ఉంటుంది. దానికీ లొంగని పిల్లవాడి కోసం అదే గదిలో దూలానికి తాడు కూడా ఉండేది. పద్ధతి ఉండటం వేరు, అది ఎవరికి ఎందుకు అవసరమో తెలిసి వాడటం వేరు.

1963 ఏప్రిల్‌లో షికాగోలో తల్లిదండ్రుల సభ జరిగింది. తమ పిల్లలను మందబుద్ధులనో మెదడు దెబ్బతిన్నవారనో అంటుంటే సహించలేక కూడినవారు వాళ్ళు. ఆ సభలో శామ్యూల్ కర్క్ ‘అభ్యసన వైకల్యాలు’ అన్న మాట వాడాడు, సభ ఆ మాటను తన సంఘం పేరులోకి తీసుకుంది. 1975 నాటికి అది అమెరికా విద్యాచట్టంలో ఉంది. ఈ మాటను ప్రచారంలోకి తెచ్చింది వైద్యులు కాదు, తల్లిదండ్రులు.

మన చట్టాలలో

మన దేశంలో కథ ఆలస్యంగా మొదలైంది. కొఠారి కమిషన్ (1964-66) వికలాంగ బాలలను వీలైనంతవరకు మామూలు బడులలోనే చదివించాలన్నది. 1974లో కేంద్రం అందుకు సమ్మిళిత విద్యా పథకం పెట్టింది. 1986 జాతీయ విద్యావిధానం ఆ మాటనే మళ్ళీ చెప్పింది. వీటి దృష్టిలో వైకల్యమంటే ప్రధానంగా కంటికి కనిపించేది. 1984లో సికింద్రాబాదులో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ వెలిసింది, తెలుగు ప్రాంతంలో ప్రత్యేక విద్యకు అది పెద్ద అండ. కాని చదవడం ఒక్కటే రాని పిల్లవాడు ఆ సంస్థ పరిధిలో సూటిగా ఇమడడు.

1995 వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది: అంధత్వం, మందదృష్టి, నయమైన కుష్ఠు, వినికిడి లోపం, కదలిక వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక రుగ్మత. అభ్యసన వైకల్యం ఈ జాబితాలో లేదు. చట్టం కన్నా ముందు నగరాలలోని తల్లిదండ్రులు, నిపుణులు కదిలారు. 1991లో మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ ఏర్పడింది. 1996లో మహారాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి విద్యార్థులకు పరీక్షలలో వెసులుబాట్లు ఇచ్చింది. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ అనే హిందీ సినిమా ఎన్నో ఇళ్ళకు మొదటిసారి ఈ సంగతి తెలిపింది. ఈ మొదటి ప్రయత్నాలన్నిటిలో ఒక పోలిక ఉంది, అవి ఎక్కువగా ఇంగ్లీషు మీడియం బడులకు, ఫీజు కట్టగల ఇళ్ళకు అందినవి.

2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. వైకల్యాల సంఖ్య 21 అయింది, అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. చట్టంలోని 16వ సెక్షను మీరు తప్పక చదవాలి. పిల్లలలో ఈ వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి, దాన్ని అధిగమించడానికి బోధనాపరమైన చర్యలు తీసుకోవడం విద్యాసంస్థ బాధ్యత అని అందులో ఉంది. 17వ సెక్షను పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివాటిని పేర్కొంటుంది.

2018 జనవరిలో ధృవపత్రాల మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం ఉపాధ్యాయులు మూడో తరగతిలో గాని ఎనిమిదేళ్ళ వయసులో గాని, ఏది ముందైతే అప్పుడు, పిల్లలను పరిశీలించాలి. ధృవపత్రం ఎనిమిదేళ్ళు నిండినవారికే ఇస్తారు. 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ పరీక్షించాలి. ఎనిమిదేళ్ళ నియమానికి కారణం లేకపోలేదు. ఆరేళ్ళవాడు ఇంకా నేర్చుకుంటున్న దశలోనే ఉంటాడు, తొందరపడి ముద్ర వేస్తే అది వాడిని వదలదు. దీన్ని నేను తప్పుపట్టను. కాని చట్టం చెప్పిన ‘వీలైనంత త్వరగా’ అన్న మాటను బడులు ‘ఎనిమిదేళ్ళ తర్వాత’ అని చదువుకుంటున్నాయి. ధృవపత్రానికి వయసు కావాలి. సహాయానికి అక్కరలేదు. సదరం పత్రం అనగానే మన ఊళ్ళలో ముందు గుర్తొచ్చేది పింఛను కాబట్టి, పత్రం లేనివాడికి ఇబ్బందీ లేదన్న భావన మరింత బలపడింది.

నేను 1960ల చివర ఒక పల్లె బడిలో చదువుకున్నాను. నా పక్కన కూర్చునే పిల్లవాడు వాళ్ళ నాన్నతో సంతకు వెళ్ళి బేరాల లెక్కలన్నీ నోటితో కట్టేవాడు. వాచకం తీయమనేసరికి, సారు చెప్పకముందే లేచి గుంజీలకు చెవులు పట్టుకునేవాడు. మూడో తరగతితో మానేశాడు. వాడు మొద్దు అని మేమందరం అనుకున్నాం, నేనూ అనుకున్నాను. మోర్గాన్ వ్యాసం చదివింది ఆ తర్వాత పాతికేళ్ళకు.

తెలుగు లిపి దగ్గర

ఇంతవరకు చూసిన పరిశోధన ఎక్కువగా ఇంగ్లీషు చదివే పిల్లల మీద జరిగింది. అందుకే ఈ విషయంపై దొరికే కరపత్రాలన్నిటిలో ‘బి’ని ‘డి’గా తిప్పి రాయడం మొదటి లక్షణంగా ఉంటుంది. తెలుగు పిల్లవాడిలో దాన్ని వెతికితే దొరకదు, దొరకలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకుంటాం.

తెలుగులో రాసినట్టే పలుకుతాం, ఇది పిల్లవాడికి మేలు. కాని నేర్చుకోవలసిన రూపాలు ఎక్కువ. యాభైకి పైగా అక్షరాలు, ఒక్కొక్క హల్లుకు గుణింతం, ఆపైన వత్తులు. ప, వ, ష ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ద, ధ, థ మరీ దగ్గర. తకార, నకార, మకార, యకార, రకార వత్తులు అసలు అక్షరాన్ని పోలవు. వీటన్నిటికన్నా కష్టమైనది వరుస. ‘మంత్రి’లో గుడి తకారం మీద ఉంటుంది, కాని ఇకారం పలికేది రకారం తరువాత. కంటికి కనిపించే వరుస ఒకటి, నోటికి రావలసిన వరుస మరొకటి. అందుకే కొందరు పిల్లలు దాన్ని ‘మంతిర’ అంటారు. అది పరధ్యానం కాదు, కనిపించిన వరుసలో చదవడమే.

తెలుగుకు చాలా దగ్గరైన కన్నడ లిపిపై సోనాలి నాగ్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. ఇంగ్లీషు అక్షరాల మాదిరిగా కాక, ఇటువంటి లిపిలో అక్షరాలు పూర్తిగా పట్టుబడటానికి కొన్నేళ్ళు పడుతుందని అది చూపింది. ఇది రెండువైపులా పదునున్న సంగతి. ఒకటో తరగతి చివర వత్తులు రానంత మాత్రాన పిల్లవాడికి వైకల్యం ఉందనుకోకూడదు. అలాగని ‘మెల్లగా వస్తుందిలే’ అనే మాటకు దీన్ని సాక్ష్యంగా పెట్టుకోనూ కూడదు. నేర్చిన అక్షరాల సంఖ్య కాదు చూడవలసినది. ‘పలక’లో ఎన్ని చప్పుళ్ళున్నాయో చప్పట్లు కొట్టి చెప్పగలుగుతున్నాడా? నిన్న వచ్చిన అక్షరం ఈరోజు ఉందా? నాలుగు వారాలు రోజూ దిద్దినా మళ్ళీ మొదటికి వస్తున్నాడా? కథ చెబితే అడిగినవాటికి చక్కగా జవాబిచ్చి, అదే కథ పుస్తకంలో చూస్తే నోరు మెదపలేకపోతున్నాడా? ఇప్పుడు రెండు రాష్ట్రాలలోనూ ఒకటో తరగతిలోనే రెండు లిపులు వచ్చి పడుతున్నాయి. కాబట్టి ఇబ్బంది ఒక లిపిలోనా, రెండింటిలోనా అని కూడా విడిగా చూడాలి.

ఎనిమిదేళ్ళ లోపు

మీలో కొందరు విద్యా వాలంటీర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, చిన్న ప్రైవేటు బడులలో టీచర్లు ఉంటారు, తల్లిదండ్రులూ ఉంటారు. ధృవపత్రం వచ్చేలోపు రెండేళ్ళూ మీ చేతిలోనివి. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. చాలా ఇబ్బందులు అక్కడే తేలిపోతాయి. తరువాత రోజుకు పావుగంట, విడిగా. వారానికి మూడు నాలుగు అక్షరాలు చాలు, ఒకేలా కనిపించేవి మాత్రం ఒకే వారంలో వద్దు. ప నిలిచాకే వ. ఇసుకలోనో బియ్యంలోనో దిద్దుతూ అక్షరాన్ని పైకి పలకాలి. వత్తులు వచ్చినప్పుడు పదాన్ని ముందు నోటితో విడగొట్టాలి, ఆ తర్వాతే రాత. అందరి ముందూ లేపి చదివించడం మానేయాలి. పదిసార్లు చూచిరాత రాయించడం ఇలాంటి పిల్లవాడికి దాదాపు ఏమీ నేర్పదు, చెయ్యి నొప్పి తప్ప. పరిసరాల విజ్ఞానంలో ప్రశ్నలు నోటితో అడిగి మార్కులు వేయాలి, తెలిసినది తెలిసినట్టు బయటికి రావాలి. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ వాడికి చదివి వినిపించాలి. అమ్మకు చదువు రాకపోతే కథ చెప్పినా సరే, మాటల సంపద తగ్గకూడదు.

మండలంలోని భవిత కేంద్రానికి పిల్లవాణ్ణి తీసుకువెళ్ళేటప్పుడు వెంట ఒక నోటుపుస్తకం ఉండాలి. అందులో తేదీలు వేసి రాయాలి. ‘చదవడు’, ‘శ్రద్ధ లేదు’ అని కాదు. జూలై 8న ‘ముక్కు’ను ‘ముకు’ అని చదివాడు, వత్తు చూపించాక సరిగా చదివాడు, జూలై 9న మళ్ళీ ‘ముకు’ అన్నాడు, ఆగస్టు 2న ఎవరూ చూపించకుండా ‘ముక్కు’ అన్నాడు, ‘మగ్గం’ ఇంకా ‘మగం’ అనే అంటున్నాడు: ఇలా.